మోలియేర్ నీడలో మరుగునపడిన రెన్యార్

ప్రశ్న: ఫ్రెంచి హాస్య నాటకకర్త రెన్యార్‌ను సముద్రపు దొంగలు బానిసగా అమ్మేశారని ఒకచోట చదివాను. నిజమేనా? ఆ అనుభవం ఆయన నాటకాల్లో కనిపిస్తుందా?
– ఒక నాటకాభిమాని, చిక్కడపల్లి, హైదరాబాద్

జవాబు: నిజమే. 1655లో పారిస్‌లో సంపన్న వర్తక కుటుంబంలో పుట్టిన జాన్ ఫ్రాన్స్వా రెన్యార్, 1678లో ఇటలీ నుంచి ఓడలో తిరిగివస్తూ దొంగలకు చిక్కి, అల్జీర్స్‌లో బానిసగా అమ్ముడుపోయి, సొమ్ము చెల్లించాక విడుదలయ్యారు. అయితే ఆ చెరను ఆయన నాటకంగా కాక ‘లా ప్రొవాన్సాల్’ అనే చిన్న నవలగా మలిచారు. రంగస్థలానికి మాత్రం నాలుగు గోడల మధ్య జరిగే మోసాలనూ, మనుషుల బలహీనతలనూ ఎంచుకున్నారు.

‘జూదరి’ (1696) నాటకంలో వలేర్ గెలిచినప్పుడు ప్రేయసి అంజెలిక్‌ను మరచిపోతాడు, ఓడగానే ఆమె మీద ప్రేమ పొంగుకొస్తుంది. ఆమె ఇచ్చిన, వజ్రాలు పొదిగిన ఆమె చిత్రపటాన్ని కూడా తాకట్టు పెడతాడు. ధర్మరాజు జూదం కథ వింటూ పెరిగిన మనకు ఆ తాకట్టు ఎంత దారుణమో వేరే చెప్పనక్కరలేదు. అంజెలిక్ మరొకరిని వరించాక కూడా, ప్రేమలో పోయినదాన్ని ఎప్పుడో ఒకనాడు జూదమే తీరుస్తుందని వలేర్ తనకు తాను చెప్పుకుంటాడు. అతడికి చివర్లో బుద్ధి వచ్చినట్టు చూపకపోవడమే ఈ నాటకానికి ప్రాణమని నా అభిప్రాయం.

‘ఏకైక వారసుడు’ (1708) ఇంకా సాహసమైనది. పిసినారి ముసలాయన జెరోంత్ స్పృహ తప్పి పడివుంటే, ఆస్తి కోసం కాచుకున్న బంధువు తరఫున అతడి సేవకుడు క్రిస్పాన్ ముసలాయన వేషంలో కూర్చుని వీలునామా చెప్పి రాయిస్తాడు, పనిలో పనిగా తన పేర కూడా కొంత రాయించుకుంటాడు. తేరుకున్న ముసలాయన ఏమడిగినా ‘అది మీ మగత మహిమ’ అన్నదే జవాబు. దొంగతనాన్నీ ఫోర్జరీనీ చూసి ప్రేక్షకులు నవ్వుతున్నారని తత్వవేత్త రూసో 1758లో ఈ నాటకాన్ని తీవ్రంగా దుయ్యబట్టారు. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ ఆస్తి కోసం చావును ఎదురుచూసే బంధువుల నిజరూపాన్ని ఇంతకంటే సూటిగా చూపిన హాస్యం అరుదు.

1709లో మరణించిన రెన్యార్‌ను మెచ్చనివాడు, ఆయనకు ముందుతరం ఫ్రెంచి హాస్య నాటక దిగ్గజం మోలియేర్‌ను మెచ్చుకోవడానికి అర్హుడు కాడని ఫ్రెంచి రచయిత వోల్టేర్ అన్నారు. ఆ మెప్పులో కూడా కొలబద్ద మోలియేరే కావడం రెన్యార్ దురదృష్టం. మీ పేటలోని త్యాగరాయ గానసభ వేదికపై ఏ బృందమైనా ఆ వీలునామా రంగాన్ని తెలుగులో ఆడాలని నా కోరిక. దానికి ఒక గది, ఒక కుర్చీ, గొంతు మార్చగల ఒక మంచి నటుడు ఉంటే చాలు.