"మేం కనలేదా, మాకు రాలేదే" అనేవాళ్ళకి

డెలివరీ తర్వాత వచ్చే డిప్రెషన్ హార్మోన్ల వల్లా, లేక ఆ అమ్మాయి మనసు గట్టిది కాకనా అని అడిగారు. మనసు గట్టితనానికీ దీనికీ ఏ సంబంధం లేదండీ. ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకో చెప్తా.

మా అక్క పురుటికి మా ఇంటికొచ్చింది, నార్మల్ డెలివరీ, బాబు బాగున్నాడు, బారసాల కూడా బాగా చేశాం. అప్పటికే తను మారిపోయింది కానీ ఇంటి నిండా చుట్టాలు, ఎవరికి పట్టింది. బాలింతకి కాస్త సందు దొరికితే చాలు నిద్ర ముంచుకొస్తుంది కదా, తను మాత్రం బాబు పడుకున్నా పడుకునేది కాదు, అర్ధరాత్రి లేచి చూస్తే ఫ్యాన్ వైపు చూస్తూ ఉండేది. ఓ సాయంత్రం అమ్మ సాంబ్రాణి వేస్తోంది, ఉయ్యాల్లో వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, అక్క పక్క మంచం మీదే గోడ వైపు తిరిగి పడుకునుంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. వాడిని ఎత్తుకుని ఏంటక్కా అంటే "అందరూ నీ కొడుకు నీ కొడుకు అంటుంటే ఊ కొడుతున్నానే, నాకేం అనిపించట్లేదు" అంది. ఆ గొంతులో ఏడుపు కూడా లేదు. బాబుని చూడ్డానికొచ్చిన పెద్దమ్మ అది విని "మేం నలుగుర్ని కన్నాం, నెలలు తిరక్కుండానే నాట్లకి పోయాం, మాకివేవీ రాలేదే" అనేసింది. అక్క దుప్పటి మొహం మీదకి లాక్కుంది.

ఈ "మాకు రాలేదే"కి సూటి జవాబు చెప్పిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ పరిశోధకులు చేసింది, 2000లో అచ్చయింది. 16 మంది ఆడవాళ్ళని తీసుకున్నారు, ఎవరూ అప్పుడు గర్భంతో లేరు. 8 మందికి అంతకుముందు కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చింది, మిగతా 8 మందికి రాలేదు. అందరికీ ఒకేలా, గర్భంలో పెరిగే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు 8 వారాలు పెద్ద మోతాదులో ఇచ్చి ఆపేశారు, ఎప్పుడు ఆపారో వాళ్ళకి తెలీదు. ముందు డిప్రెషన్ వచ్చిన 8 మందిలో 5గురికి మళ్ళీ మనసు పాడైంది, రెండో గుంపులో ఒక్కరికి కూడా కాలేదు. అక్కడ బిడ్డ లేదు, రాత్రిళ్ళు పాలివ్వడం లేదు, అత్తగారి మాటలు లేవు, ఉన్నదల్లా హార్మోన్ పెరిగి పడిపోవడం. అదే పడిపోవడాన్ని ఒకరి మెదడు తట్టుకుంది, ఇంకొకరిది తట్టుకోలేదు. పెద్దమ్మ నలుగుర్ని కనడం ఆవిడ మెదడు గురించి చెప్తుంది అంతే, మా అక్క గురించి ఏం చెప్పదు.

అందుకే హార్మోన్ ప్యాకేజీ అని వేలకి వేలు గుంజే ల్యాబుల మీద కూడా నాకు కోపం. బాలింతలందరికీ ఈ హార్మోన్లు పడిపోతాయి, రిపోర్టులో ఆ అంకె చూసి ఎవరికి డిప్రెషన్ వస్తుందో చెప్పలేరు. థైరాయిడ్ ఒక్కటి మాత్రం చూపించుకోండి, కాన్పు తర్వాత అది దెబ్బతిన్నా ఇలాగే నీరసం, దిగులు వస్తాయి.

లోపల జరిగేది ఏంటంటే, ప్రొజెస్టెరాన్ నుంచి అల్లోప్రెగ్ననలోన్ అనేది తయారవుతుంది, మెదడుని శాంతపరిచే గాబా రిసెప్టర్లకి (మెదడు కణాల మీద రసాయనాల్ని అందుకునే భాగాలకి) అది బలం. గర్భంలో బాగా పెరుగుతుంది, మాయ పడ్డాక కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. 2008లో ఆ రిసెప్టర్‌లో ఒక భాగం లేని ఎలుకల మీద పరిశోధన వచ్చింది, ఆ తల్లి ఎలుకలు ఈనాక పిల్లల్ని సరిగ్గా పట్టించుకోలేదు. ఎలుకకి కూడా మనసు గట్టిది కాదంటారా? ఇదే దారిలో పోయి మందు కూడా తెచ్చారు, బ్రెక్సనలోన్ అని, 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది, 60 గంటలు సెలైన్‌లా ఎక్కించేవాళ్ళు, ధర మాత్రం ముప్పై వేల డాలర్ల పైమాటే ఉండేది, 2024 చివర్లో దాని అమ్మకం ఆపేశారు. 2023లో జురనలోన్ అనే మాత్ర వచ్చింది, 14 రోజుల కోర్సు, అదీ మనలాంటోళ్ళు అందుకునే ధర కాదు. బాలింతల మందు ఇంత ఖరీదు పెట్టడం అన్యాయం.

మా అక్కకి ఆ ఖరీదైన మందులేం వాడలేదు. సైకియాట్రిస్ట్ పాలిచ్చే తల్లులకి పనికొచ్చే మామూలు మాత్రలే రాశారు, రాత్రిపూట బాబుని వేరేవాళ్ళు చూసుకోవాలి, తనని నిద్రపోనివ్వాలి అని గట్టిగా చెప్పారు, అమ్మా నేనూ వంతులేసుకున్నాం. కొన్ని వారాలకి తనంతట తనే వాడికి నలుగు పెట్టి స్నానం చేయించింది. అంతకుముందు టీకాలకి తీసుకెళ్ళిన ప్రతిసారీ బాబు బరువు చూశారు, పాలు సరిపోతున్నాయా అన్నారు, నువ్వెలా ఉన్నావమ్మా అని అక్కని ఒక్కరూ అడగలేదు. ఈ డిప్రెషన్ ఉందేమో పసిగట్టడానికి 10 ప్రశ్నల ఎడిన్‌బరో స్కేల్ 1987 నుంచీ ఉంది, ఐదు నిమిషాల పని, టీకా కార్డుతో పాటు ఆ కాగితం కూడా చేతికిస్తే ఏం పోయింది?

మీ ఇంట్లో బాలింత బిడ్డ పడుకున్నా నిద్రపోలేకపోతుంటే, బిడ్డ నాది అనిపించట్లేదు అంటే, దిష్టి తీస్తే తీయండి కానీ ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. చచ్చిపోవాలనో బిడ్డని ఏదైనా చేస్తాననో అంటే ఒక్క పూట కూడా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎవర్ని అడగాలో తెలీకపోతే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే అక్కకి ఇప్పుడు రెండోసారి నెల తప్పగానే మొదటి చెకప్‌లోనే డాక్టరమ్మకి అంతా చెప్పాం, సైకియాట్రిస్ట్‌ని కూడా ముందే కలిసొచ్చాం, ఈసారి బారసాలకి వచ్చే చుట్టాల లిస్టు నేనే రాస్తున్నా.