కొల్లేరు నీళ్లు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లె. పన్నెండు ఎకరాలు లీజుకు తీసుకుని చేపల చెరువు చేస్తున్నాను. మా అమ్మాయి బీఎస్సీ బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ ఆఖరి ఏడు చదువుతోంది. కాలేజీ ప్రాజెక్టు కోసం కొల్లేరులో కలిసే ఒక డ్రెయిన్ నీళ్లు పట్టి పరీక్షలు చేసింది. అప్పట్నుంచి సరస్సుల నీటి మీద రీసెర్చ్ చేస్తానంటోంది. మా బావమరిది మాత్రం బీఈడీ చేయించమంటున్నాడు. నీళ్లు పరీక్షించడం కూడా ఒక ఉద్యోగమేనా అని ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. పైగా పడవల మీద, డ్రెయిన్ల గట్ల మీద తిరిగే పని ఆడపిల్లకు తగునా? మీ సలహా చెప్పగలరు.
- ఒక తండ్రి, ఏలూరు జిల్లా

జవాబు: నవ్వేవాళ్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. రెండు రోజులు ముసురు పట్టి, మూడో రోజు తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే మీరేం చేస్తారు? ఏరేటర్లు వేస్తారు, కొత్త నీళ్లు పెడతారు, ఆ పూట మేత ఆపేస్తారు. 'డీఓ పడిపోయింది' అని పక్క చెరువు రైతుకు ఫోన్ చేస్తారు. ఆ డీఓ అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్. మీ అమ్మాయి చదవాలనుకుంటున్న సబ్జెక్టులో మొదటి పాఠం అదే. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగు బురదలోని బాక్టీరియా అన్నీ కలిసి దాన్ని తాగేస్తాయి. అందుకే మధ్యాహ్నం మూడింటికి నీళ్లు పడితే ఒక లెక్క, తెల్లవారి అయిదింటికి పడితే మరో లెక్క. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ ప్రకారం చేపలకు, వన్యప్రాణులకు పనికొచ్చే నీళ్లలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. ఏ వేళప్పుడు కొలిచారో రాయకపోతే ఆ 4కి అర్థం లేదు.

కాబట్టి మీ ఇంటికి ఇది కొత్త విద్యేమీ కాదు. మీరు కంటితో చూసి చేస్తున్న పనిని ఆమె సీసాతో, లెక్కతో చేస్తానంటోంది.

ఇక ఉద్యోగమా కాదా అన్నది. ఉద్యోగమే. కానీ 'నీళ్లు పరీక్షించడం' వరకే నేర్చుకుంటే చిన్న ఉద్యోగం. భీమవరం, కైకలూరు వైపు ఆక్వా ల్యాబుల్లో పీహెచ్, ఆల్కలినిటీ, అమోనియా చూసి చీటీ రాసిచ్చే పిల్లలు మీకు తెలుసు కదా. ఆ పని గౌరవమైనదే, జీతం మాత్రం పెరగదు. ఆ నీళ్లు అలా ఎందుకయ్యాయి, ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎగువన ఏం మారిస్తే బాగుపడతాయి అని చెప్పగలిగేవాళ్లు తక్కువ. మీ అమ్మాయి గురి అక్కడ ఉండాలి.

కొల్లేరునే తీసుకోండి. 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. కాగితం మీద రక్షణకు లోటు లేదు. నీళ్లకు కాగితాలు తెలియవు. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు విజయవాడ పక్క నుంచి వచ్చి కలుస్తుంది. తమ్మిలేరు ఏలూరు మీదుగా దిగుతుంది. డెల్టా పొలాల డ్రెయిన్లు యూరియా, మందుల అవశేషాలు మోసుకొస్తాయి. ఊళ్ల మురుగు సరేసరి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు అటు నుంచి సముద్రపు ఉప్పు నీరు ఎదురెక్కి వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ నీళ్లు చివరికి చేరాల్సింది కూడా కొల్లేరుకే. సరస్సు మధ్యలో పడవ ఆపి ఎన్ని సీసాలు పట్టినా, పైనున్న ఈ కథ తెలియకపోతే రోగం పేరు చెప్పగలమే గాని కారణం చెప్పలేం. ఒక చోటికి చేరే వాన నీళ్లన్నీ ఏ నేల మీద పడి వస్తాయో ఆ నేలంతా కలిపి వాటర్‌షెడ్. నీటి నాణ్యత, వాటర్‌షెడ్ అని పుస్తకాల్లో రెండు వేర్వేరు అధ్యాయాలుంటాయి. చదివేటప్పుడు ఆమె వాటిని ఒకటిగానే పెట్టుకోవాలి.

రీసెర్చ్ అంటే ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను, మీ బావమరిదికి కూడా వినిపించండి. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో కొన్ని చిన్న సరస్సులను ప్రయోగాలకే వదిలేశారు. వాటికి పేర్లు లేవు, నంబర్లే. 226వ నంబరు సరస్సు నడుము సన్నగా ఉంటుంది. 1973లో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఆ నడుము దగ్గర అడ్డంగా ప్లాస్టిక్ తెర కట్టింది. ఒక పక్క కార్బన్, నత్రజని కలిపారు. రెండో పక్క ఆ రెండూ కలిపి, పైన ఫాస్ఫరస్ కూడా వేశారు. ఫాస్ఫరస్ పడిన పక్క చిక్కటి పచ్చ రంగుకు తిరిగింది, ఇటు పక్క మామూలుగానే ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో చూస్తే చదువు రానివాడికి కూడా విషయం అర్థమవుతుంది. సరస్సులు నాచు పట్టి చెడిపోవడానికి కారణం ఫాస్ఫరసా, కార్బనా అని అప్పట్లో పెద్ద వాదన. బట్టల సబ్బు పౌడర్లలో ఫాస్ఫేట్ దండిగా వాడే రోజులు. ఆ ఫొటో వాదనను ఒక దారికి తెచ్చింది.

మీరు చెరువులో పచ్చనీరు రావడానికి సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు కదా, సూత్రం అదే. మీరు కావాలని చేసేది, సరస్సులో ఎవరూ కోరకుండానే జరుగుతుంది.

ఇక్కడ మీకు కొంచెం ఇబ్బందిగా ఉండే మాట చెప్పాలి. మీ అమ్మాయి ఈ దారిలో వెళితే ఏదో ఒకరోజు చేపల చెరువుల నుంచి వదిలే నీళ్ల గురించి కూడా రాస్తుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యంలోని చెరువు గట్లు కొట్టేసినప్పుడు మీ వైపు ఇళ్లలో ఎంత బాధ, ఎంత కోపం ఉన్నాయో నాకు తెలుసు. ఎవరిది తప్పన్న వాదనలోకి నేను దిగను. అయితే ఇంట్లో ఈ మాట ముందే అనుకోండి. ఆమె లెక్కలు మీకు నచ్చకపోయినా లెక్కలుగానే చూస్తారా? నా అనుభవంలో ఈ రంగంలో చేరే పట్నం పిల్లలకు మేత తౌడు ఎప్పుడు వేస్తారో, నీళ్లు ఎప్పుడు మారుస్తారో తెలియదు. రైతులు వాళ్లకు నిజం చెప్పరు. మీ అమ్మాయికి చెబుతారు. అది పెద్ద ఆస్తి.

ఆమెకు ఓర్పు ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. తెలివి కంటే అదే ముఖ్యం. డీఓ పరీక్షనే చూడండి. 300 మిల్లీలీటర్ల సీసాను బుడగ ఒక్కటి కూడా లేకుండా నింపి గాజు బిరడా పెట్టాలి. అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేట్, ఆ తర్వాత ఆల్కలీ అయోడైడ్ వేసి తలకిందులు చేయాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ఆ తెలుపు చూస్తే గుండె జారుతుంది. ల్యాబుకు వెళ్లి ఆమ్లం వేసి, స్టార్చ్ వేసి, థయోసల్ఫేట్ చుక్క చుక్కగా వదులుతూ నీలం పోయేదాకా చూడాలి. ఇదే పని పది చోట్ల, ప్రతి నెలా, రెండేళ్లు. నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి బాక్టీరియా ఎంత ఆక్సిజన్ తాగుతుందో చూసే బీఓడీ పరీక్ష అయితే మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తారు. శుక్రవారం నీళ్లు పడితే సోమవారం దాకా ఆగాలి, గురువారం పడితే ఆదివారం సెలవు గోవిందా.

నేను కెమిస్ట్రీ పాఠాలు చెప్పే రోజుల్లో ఒక విద్యార్థి ఎక్కడి నీళ్లు పట్టినా ఫాస్ఫరస్ ఆకాశాన్నంటుతోందని సంబరంగా వచ్చాడు. బోరు నీళ్లలో కూడా అంతే వచ్చింది. తీరా చూస్తే హాస్టల్లో సీసాలు డిటర్జెంట్‌తో కడిగాడు. ఫాస్ఫరస్ సీసాలు సబ్బుతో కాదు, పలుచని ఆమ్లంతో కడగాలి. నాలుగు నెలల లెక్కలు పారేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు అదే రంగంలో స్థిరపడ్డాడు. మీ అమ్మాయి ప్రాజెక్టులో ఏదైనా తప్పు జరిగిందా, జరిగితే ఏం చేసిందని అడిగి చూడండి. 'ఏ తప్పూ జరగలేదు' అంటే నాకు కొంచెం అనుమానమే.

చదువు విషయానికొస్తే, బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ సూటి దారి. ఆంధ్రా యూనివర్సిటీ, ఆచార్య నాగార్జున, ఉస్మానియా, కడప యోగి వేమనలో ఈ విభాగాలున్నాయి. రాష్ట్రంలో చదవాలంటే ఏపీ పీజీసెట్, జేఎన్‌యూ, పాండిచ్చేరి లాంటి కేంద్రీయ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ రాయాలి. రెండూ రాయించండి. జువాలజీ ఎమ్మెస్సీ చేసి సరస్సుల మీద పనిచేసే గైడ్‌ను పట్టుకున్నా తప్పు లేదు. ఫిషరీస్ పీజీ వైపు మాత్రం ఆశ పెట్టుకోవద్దు, దానికి సాధారణంగా బీఎఫ్ఎస్సీ, అంటే ఫిషరీస్ డిగ్రీ చదివి ఉండాలి. ఎమ్మెస్సీలో సీటు ఎక్కడ వచ్చిందన్నదానికంటే, అక్కడ మాస్టార్లు విద్యార్థులను నీళ్ల దగ్గరికి తీసుకెళతారా లేదా అన్నది చూడండి. సీనియర్లను అడిగితే అయిదు నిమిషాల్లో చెప్పేస్తారు.

ఎమ్మెస్సీ రెండేళ్లలో మార్కులతో పాటు మూడు పనులు రావాలి. గణాంకాలు, ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో. మ్యాపులు, క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్ నుంచి ఎత్తుపల్లాల డేటా ఉచితంగా తీసుకుని తమ్మిలేరు పరీవాహక హద్దు గీయగలిగితే ఆమె దారిలో పడ్డట్టే. మూడోది రాయడం, ఇంగ్లిషులో నాలుగు పేజీల రిపోర్టు తప్పుల్లేకుండా. మూడోదాన్నే అందరూ వదిలేస్తారు.

డబ్బు సంగతి. యూజీసీ నెట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ సబ్జెక్టు ఉంది, ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన భృతి వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరే. జేఆర్ఎఫ్‌కు వయసు పరిమితిలో స్త్రీలకు అయిదేళ్ల సడలింపు ఉంది. కాబట్టి మధ్యలో పెళ్లయినా దారి మూసుకుపోదు. జేఆర్ఎఫ్ తేలిక కాదు, మొదటిసారే వస్తుందని లెక్కేసుకోకండి. ఈలోపు ప్రాజెక్టు అసిస్టెంటు ఉద్యోగాలుంటాయి. ఏడాదికో రెండేళ్లకో అయిపోయే కాంట్రాక్టు పనులు, కానీ చేయి తిరిగేది అక్కడే. కాకినాడలో జాతీయ జలవిజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాఖ, భూభౌతిక పరిశోధనకు ఎన్‌జీఆర్‌ఐ, ఉపగ్రహ చిత్రాలకు ఎన్‌ఆర్‌ఎస్‌సీ, మెట్ట వ్యవసాయ పరిశోధనకు క్రీడా, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్నాయి. వాటర్‌షెడ్ పనిలో ఇక్రిశాట్‌కు మంచి పేరు. శంకర్‌పల్లి దగ్గర కొత్తపల్లిలో 1999 నుంచి వాళ్లు చేసిన పనిని చాలామంది వచ్చి చూసి వెళ్లారు. గట్టి ఉద్యోగమే కావాలంటే కాలుష్య నియంత్రణ మండలిలో అనలిస్టు పోస్టులున్నాయి, ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. ఆ నోటిఫికేషన్ ఏటా రాదు. అదే దిక్కని కూర్చుంటే వయసు అయిపోతుంది. ప్రైవేటులో ల్యాబులు, పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీలు తీసుకుంటాయి. అక్కడ మొదటి జీతం చూసి మీరు నిట్టూరుస్తారు, ముందే చెబుతున్నాను.

బీఈడీకి మీ బావమరిదితో గొడవ పడొద్దు. అది ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయొచ్చు. ఇప్పుడే చేస్తే మాత్రం రెండేళ్లు ల్యాబుకు దూరమవుతుంది, తిరిగి రావడం కష్టం.

పడవల భయం అంటారా, ఒంటరిగా ఎవరూ వెళ్లరు, వెళ్లనివ్వకూడదు కూడా. లైఫ్ జాకెట్ ఉందా, ఎంతమంది వెళతారు, చీకటి పడేలోపు వస్తారా అని గైడ్‌ను అడిగే హక్కు మీకుంది. ఆ ప్రశ్నకు విసుక్కునే గైడ్ దగ్గర చేర్పించకండి. అంతకు మించి ఆడపిల్ల, మగపిల్లాడు అన్న తేడా ఈ పనిలో నాకు కనబడలేదు.

పీజీసెట్ ఫలితాలు వచ్చేలోపు ఖాళీగా ఉంచకండి. మీ చెరువులో ఒకటే చోట, వారానికొకరోజు తెల్లవారి అయిదింటికి, అదే రోజు మధ్యాహ్నం మూడింటికి డీఓ, పీహెచ్, ఉష్ణోగ్రత చూడమనండి. తెలుపు నలుపు పళ్లేన్ని తాడుకు కట్టి దింపి ఎంత లోతులో కనబడకుండా పోతుందో రాయమనండి. సెక్కి డిస్క్ అంటారు, స్టీలు పళ్లానికి పెయింటు వేస్తే సరిపోతుంది. మీ డ్రెయిన్ దగ్గర కూడా ఒక చోటు పెట్టుకోవాలి. పుస్తకం మొదటి పేజీలో చెరువు లోతు, వేసిన శీలావతి, బొచ్చె పిల్లల లెక్క, రోజుకెన్ని బస్తాల మేత, నీళ్లు వదిలిన తేదీలు రాసి ఉండాలి. ఆ పేజీ ఆమె ఒక్కతే నింపడం కుదరదు, మీరు పక్కన కూర్చోవాలి.