మంచుకు ఆగే ఆర్కిడ్ మన ఎండకు ఆగుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి వాళ్లు అమెరికాలో మిషిగన్‌లో ఉంటారు. వాళ్ల పెరట్లో నేలలోనే ఆర్కిడ్లు వేశారు, చలికాలమంతా మంచు కింద ఉండి మే నెలలో మళ్లీ పూస్తున్నాయి, చిన్న చెప్పు ఆకారంలో పసుపు పువ్వు. అంత మంచుకే చావని మొక్క మన దగ్గర బతకదా? ఈసారి వచ్చేటప్పుడు రెండు దుంపలు తెమ్మందామనుకుంటున్నాను. మాకు పెరడు ఉంది, నల్లమట్టి, ఒక మామిడి చెట్టు నీడ.

జవాబు: వద్దమ్మా, తెప్పించకండి. మీరు చెప్పిన పువ్వు సైప్రిపీడియం, లేడీస్ స్లిప్పర్ అంటారు. దాని మొండితనమంతా చలి విషయంలోనే. శీతాకాలం రాగానే పైన ఆకులన్నీ ఎండిపోతాయి, నేల కింద దుంప, దాని కొసన ఒక మొగ్గ మాత్రం మిగులుతాయి. ఆ మొగ్గకు సుమారు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉండేంత చలి తగిలితేనే వసంతంలో సరిగ్గా లేస్తుంది. మనకు జనవరి రాత్రుల్లో కూడా మామూలుగా పదిహేను డిగ్రీల కిందికి దిగదు కదా, ఆ మొక్కకు అది చలికాలమే కాదు. పైగా రోహిణి కార్తె ఎండ. దుంప ఒక ఏడాది లేచినా, ఏటికేడు నీరసించి పోతుంది. ఇంకో సంగతి, ఆర్కిడ్లన్నీ సైట్స్ అనే ఒప్పందం కింద ఉన్నాయి, ముప్పున్న మొక్కలు, జంతువులను దేశాలు దాటించడాన్ని అదుపు చేసే ఒప్పందం అది, అనుమతి కాగితాలు లేకుండా సూట్‌కేసులో పెట్టుకొస్తే విమానాశ్రయంలో పిల్లకు లేనిపోని టెన్షన్.

మీ పెరట్లో నేలలోనే ఆర్కిడ్ పూయాలంటే స్పాథోగ్లాటిస్ వేయండి. నర్సరీల్లో గ్రౌండ్ ఆర్కిడ్ అని అడిగితే ఇస్తారు, కడియం వైపు వెళ్లేవాళ్లుంటే అక్కడ అడిగించండి. ఆకులు కొబ్బరి మొలక ఆకుల్లా మడతలు మడతలుగా ఉంటాయి, ఊదారంగు పూలు ఒకే కాడ మీద ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుంటూ పోతాయి. దీనికి చలి అక్కర్లేదు, వేడి వాతావరణం మొక్కే.

మీ నల్లమట్టిలో మాత్రం నేరుగా పెట్టొద్దు, వానాకాలం నీళ్లు నిలిచి దుంపలు కుళ్లిపోతాయి. జానెడు ఎత్తు మడి కట్టి ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా మాగిన ఆకుల ఎరువు కలిపి నింపండి. దుంపను పూర్తిగా పూడ్చకండి, సగం పైకి కనిపించాలి. పొద్దుటి ఎండ తగిలి, పదిన్నర తర్వాత మామిడి నీడ పడే చోటైతే బాగుంటుంది. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే, కుండీల అంచున తెల్లటి పెచ్చు కడుతుందా చూసుకోండి, అలా కడితే ఆ నీళ్లు వాడకుండా వాన నీళ్లు పట్టి పోయండి. ఎండాకాలం రోజూ తడి, వానల్లో మానేయండి. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీటికి గ్రాము మించకుండా పదిహేను రోజులకోసారి చాలు. వానల్లో రాత్రిళ్లు నత్తలు వచ్చి లేత కాడ కొరికేస్తాయి, టార్చి పట్టుకుని ఏరేయడమే మంచి మందు.

ఆ మామిడి చెట్టును కూడా ఖాళీగా వదలకండి. నల్లమల, తూర్పు కనుమల అడవుల్లో చెట్ల మీద పెరిగే వాండా టెస్సెలేటా అనే ఆర్కిడ్ మన ప్రాంతపు మొక్కే, మన ఎండ దానికి అలవాటే. అడవి నుంచి పీకి తెచ్చింది కొనకండి, అలా పీకబట్టే అవి తగ్గిపోతున్నాయి. నర్సరీలో పెంచిందే అడగండి. మాను తూర్పు వైపున పాత నూలు చీర పీలికతో కట్టేయండి. నీళ్లు చల్లినప్పుడు వేళ్లను దగ్గరగా చూడండి, వెండి తెలుపులో ఉన్న వేరు నిమిషంలో ఆకుపచ్చగా మారుతుంది. వేళ్లన్నీ పచ్చబడ్డాయంటే ఆ పూటకు నీళ్లు చాలు.

ప్రశ్న: విజయవాడలో అపార్ట్‌మెంట్ బాల్కనీలో డెండ్రోబియం ఆర్కిడ్ ఉంది. కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) పెట్టి రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నాం. ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి. ఆకులు లేని కాడలు కత్తిరించాలా?

జవాబు: నీళ్లే ఎక్కువయ్యాయండీ. కోకోపీట్ తడిని పట్టేసుకుంటుంది, దీని వేళ్లకు తడితో పాటు గాలి కావాలి. బయటికి తీసి, మెత్తబడిన గోధుమరంగు వేళ్లు కత్తిరించి, బొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు నింపిన బోలెడు చిల్లుల కుండీలోకి మార్చండి. ఇకనుంచి పొద్దున ఒక్కసారే, పైన ఆరాకే మళ్లీ. బొగ్గు, ఇటుకలో తడి త్వరగా ఆరిపోతుంది కాబట్టి ఏప్రిల్, మేల్లో మాత్రం సాయంత్రం కూడా కాస్త చల్లండి. ఆకులు రాలిన కాడలు కోయొద్దు, మొక్క తన తిండీ నీళ్లూ వాటిలోనే దాచుకుంటుంది, ఒక్కోసారి ఆ పాత కాడల మీదే మళ్లీ పూస్తుంది. పూర్తిగా ఎండి వడలిపోయినవైతే తీసేయండి.