పంటు దాటి చదివిన ఎమ్మెస్సీతో ఇక్కడే బతకచ్చా?

మీది రాజోలు దగ్గర, బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఫైనలియర్, నాన్నగారికి ఒంట్లో బాగోదు కాబట్టి హైదరాబాద్ వెళ్లే వీల్లేదు. ఇక్కడే ఎమ్మెస్సీ చేస్తే లైఫ్ సైన్సెస్‌లో నిలబడగలనా అని అడిగారు. నిలబడచ్చు. నేను పదేళ్లుగా ఆ పనిలోనే ఉన్నాను. కాకపోతే హైదరాబాద్ ఫార్మా కంపెనీల్ని మనసులో పెట్టుకుని సబ్జెక్టు ఎంచుకుంటే మాత్రం ఇక్కడ దెబ్బ తింటారు.

మాది సఖినేటిపల్లి. రోజూ పంటు (జనాన్ని, బళ్లను ఏరు దాటించే పెద్ద పడవ) మీద వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం, అక్కడ పాసింజర్ ఎక్కి భీమవరం. రెండేళ్లు అలాగే తిరిగి ఎమ్మెస్సీ జువాలజీ చేశాను. వరదొస్తే పంటు ఆపేసేవారు, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేసరికి ఫస్ట్ అవర్ అయిపోయేది. ఆ తిప్పలు ఎలాగో పడ్డాను కానీ ల్యాబు విషయంలోనే ఏడుపొచ్చేది. పీసీఆర్ మెషిన్ (డీఎన్‌ఏను పెంచి చూసేది, జబ్బు క్రిముల్ని పట్టడానికి వాడతారు) ఉంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది. రెండేళ్లలో ఆ గుడ్డ తీయగా చూడలేదు. రికార్డులో బొమ్మ మాత్రం చక్కగా వేశాను. ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారో పద్ధతి ఒక్కటి మా చేతుల్తో చేశాం. ఆ సుబ్బారో ఎవరో కాదు, 1895లో అదే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారని పాసయ్యాక గానీ తెలీలేదు!

తర్వాత ఒక ఆక్వా ల్యాబులో చేరాను, నెలకు 11,000. తెల్లారేసరికి రైతులు కూల్‌డ్రింక్ సీసాల్లో చెరువు నీళ్లు, కవర్లలో సీడ్ (చెరువులో వేసే రొయ్య పిల్లలు) పట్టుకుని గుమ్మం ముందుండేవారు. అమ్మోనియా, ఆల్కలినిటీ, టీసీబీఎస్ ప్లేట్ల మీద (విబ్రియోను పెంచి చూసేవి) విబ్రియో బాక్టీరియా లెక్క. రొయ్యకు చేటు చేసే రకాలకు గుర్తైన ఆకుపచ్చ కాలనీలు ఎక్కువొచ్చిన రోజు రైతుకు ఎలా చెప్పాలో తోచేది కాదు. కాలేజీలో రెండేళ్లకు రాని పీసీఆర్ అక్కడ నెలలో వచ్చేసింది. వచ్చేసిందని అనుకున్నాను.

ఒక రాజు గారు వనామి రకం రొయ్య సీడ్ తెచ్చారు. కవర్లో పైన చురుగ్గా ఈదుతున్న పిల్లల్ని నాలుగు తీసి టెస్ట్ చేసి, ఈహెచ్‌పీ (రొయ్య లోపల పెరిగే ఒక పరాన్నజీవి) నెగెటివ్ అని రాసిచ్చాను. అది రొయ్యను ఒక్కసారిగా చంపదు, ఎదగనివ్వదు. మేత తింటుంటుంది, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) మాత్రం కదలదు. అరవై రోజులకు ఆయన వచ్చి "ఏమ్మా, బాగుందన్నావు కదా" అన్నారు, అంతే. చెరువు మట్టిలోంచి కూడా వచ్చి ఉండచ్చు, కాదనను. కానీ అడుగున నలతగా పడి ఉన్నవాటిని కూడా కలిపి, ఇంకా చాలా తీయాల్సిందని నాకు తెలుసు. ఆ మాట గుచ్చుకునే, ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీకి రిజిస్టర్ చేయించుకున్నాను. ఏడేళ్లు పట్టింది. రాజు గారు ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు, "అడుగు నుంచి తియ్యమ్మా" అని గుర్తుచేసి మరీ.

ఇక మీ సంగతి. పీజీసెట్ (పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష) ర్యాంకు వచ్చాక దూరం చూసి ఆప్షన్లు పెట్టకండి. వర్కింగ్ డే రోజు ఆ కాలేజీకి వెళ్లి ల్యాబులో మెషిన్లకు ప్లగ్గు పెట్టి ఉందో లేదో చూసి రండి. సీనియర్లను అడిగితే ఇంకా బాగా చెప్తారు. ప్రాజెక్టు వర్క్ మాత్రం వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో చేసే దారి చూడండి. కొన్ని నెలలే అంటే ఇంట్లో ఒప్పుకుంటారు, మా అమ్మ ఒప్పుకుంది.

వరి మీద ఇష్టముంటే మారుటేరు వరి పరిశోధన స్థానం ఉంది. 1925 నాటి స్టేషన్, మనం తినే స్వర్ణ రకం బియ్యం అక్కడిదే, దాని అసలు పేరు ఎంటీయూ 7029. అయితే అక్కడ సైంటిస్టు పోస్టులకు వ్యవసాయ డిగ్రీ అడుగుతారు. మామూలు ఎమ్మెస్సీ వాళ్లకు దొరికేవి ప్రాజెక్టు పోస్టులు, గడువు అయ్యాక మళ్లీ వెతుక్కోవాలి. అది తెలిసే వెళ్లండి. పెదవేగి ఆయిల్‌పామ్ సంస్థలో కూడా ప్రాజెక్టు నోటిఫికేషన్లు పడుతుంటాయి, చూస్తూ ఉండండి. చేపలు, రొయ్యల వైపైతే కాకినాడ, భీమవరం. క్యాన్సర్ బయాలజీ, జీనోమిక్స్ లాంటివే చేయాలని ఉంటే మాత్రం ఇక్కడ అయ్యే పని కాదు చెల్లీ, ఇంట్లో పోట్లాడైనా వెళ్లాల్సిందే.

డబ్బు గురించి దాచను. ల్యాబు ఉద్యోగంలో మొదటి మూడేళ్లు ఇంట్లో తిండి తిన్నాను కాబట్టి గడిచింది. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కొడితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఇస్తారు, ఆ పైన హెచ్‌ఆర్‌ఏ. ఇక్కడి ల్యాబులో మనకు ఆ జీతం రావాలంటే చాలా ఏళ్లు పడుతుంది. నేను రెండుసార్లు రాసి, మార్కులు చాలక వదిలేశాను. మీరు ఎమ్మెస్సీ మొదటి ఏడాది నుంచే ఆ పరీక్షలోని పార్ట్ సి ప్రశ్నలు చేయడం మొదలుపెట్టండి, నాలాగా ఆఖరి సెమిస్టర్ దాకా ఆగకండి.