పాత డిస్క్‌లోని ఫోల్డర్ కొత్త కంప్యూటర్‌లో "యాక్సెస్ డినైడ్" అంటుంటే

అడ్మిన్ అకౌంట్‌లో ఉన్నా తెరుచుకోవట్లేదంటే, ఆ ఫోల్డర్‌కి ఓనర్ ఇంకా మీ పాత విండోస్ అకౌంటే అయ్యుంటుంది. కొత్తదానిలో అదే పేరు పెట్టుకున్నా లాభం లేదు, విండోస్ చూసేది పేరుని కాదు, దాని వెనకున్న ఎస్‌ఐడీ నంబర్‌ని (ప్రతి అకౌంట్‌కీ విండోస్ విడిగా ఇచ్చే గుర్తింపు నంబర్).

1. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్.
2. ఓనర్ పక్కన చేంజ్ నొక్కి మీ యూజర్ పేరు ఇవ్వండి.
3. అందరూ వదిలేసేది ఇదే: ఓనర్ కింద కనిపించే "రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటెయినర్స్ అండ్ ఆబ్జెక్ట్స్" దగ్గర టిక్ పెట్టాలి, లేకపోతే పై ఫోల్డర్ ఒక్కటే మీదవుతుంది, లోపలికెళ్తే మళ్లీ అదే గోల (నేనూ ఇక్కడే ఒక పూట తల పట్టుకున్నా).
4. ఓకే కొట్టి, ప్రాపర్టీస్ మూసి, మళ్లీ తెరిచి మీ పేరుకి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి.

విండోస్ ఉన్న సీ డ్రైవ్ మొత్తానికి మాత్రం ఇలా చేయకండి.