‘కాలుపెట్టిన వేళ’ను నమ్ముకుని ఎన్నాళ్లు?

ప్రశ్న: నా వయసు 39. వనస్థలిపురంలో ఉంటాం. పెళ్లయి అత్తవారింట అడుగుపెట్టిన మూడో నెలలోనే మామగారు గుండెపోటుతో పోయారు. ఆయనకు అంతకుముందే స్టెంట్లు వేశారు. ఆ ఏడాదే మావారి దుకాణం మూతపడింది. ‘ఏ వేళ కాలుపెట్టిందో’ అని అత్తగారు అనేవారు. వినగా వినగా నాకూ అది నిజమే అనిపించింది. శుభకార్యాలకు వెళ్లడం మానేశాను, టీచరు ఉద్యోగం కూడా వదులుకున్నాను. నిరుడు అత్తగారి మోకాలి ఆపరేషన్ అప్పుడు మాత్రం ఆసుపత్రిలో ఉన్నది నేనే. వచ్చే నెల నాగోలులో ఆడపడుచు గృహప్రవేశం. వెళితే వాళ్లకేమవుతుందోనని నిద్ర పట్టడం లేదు. పదో తరగతి చదివే మా అమ్మాయి ‘నాకూ నీ అదృష్టమే వచ్చిందిలే’ అంటోంది. మంచిగా ఆలోచిస్తే అంతా మంచే జరుగుతుందని ఒక స్నేహితురాలు చెబుతోంది. నిజమేనా?

జవాబు: మీ అత్తగారి మాట, మీ స్నేహితురాలి మాట పైకి ఎదురెదురుగా కనిపిస్తున్నా, మనిషిలో ఉన్నదేదో బయటి సంఘటనలను జరిపిస్తుందన్న ఒకే నమ్మకం నుంచి రెండూ పుట్టాయి. అప్పటికే స్టెంట్లు పడిన గుండె ఆగిపోవడానికి మీ అడుగు కారణం కాదు. అలాగే ఎంత మంచి ఆలోచన చేసినా అది దుకాణానికి బేరాలను తీసుకురాదు. (అయినా మీరు కాలుపెట్టిన ముహూర్తాన్ని పంచాంగం చూపించి నిర్ణయించింది పెద్దలే కదా, వేళ మంచిది కాకపోతే ఆ నింద కోడలి మీద ఎందుకు పడాలి?)

అయితే నమ్మకాలకు బలం లేదని నేను అనడం లేదు. ఆ బలం మనం చేసే పనుల ద్వారా, మనం లెక్కలోకి తీసుకునే విషయాల ద్వారా పనిచేస్తుంది. రాబర్ట్ మెర్టన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1948లో దీన్ని ఒక బ్యాంకు ఉదాహరణతో వివరించాడు: నిక్షేపంగా ఉన్న బ్యాంకు దివాలా తీస్తోందన్న పుకారును నమ్మి జనమంతా ఒకేసారి డబ్బు తీసుకోవడానికి ఎగబడితే, ఆ బ్యాంకు నిజంగానే కూలుతుంది. మీ విషయంలో జరిగింది కూడా ఇటువంటిదే. అశుభం తెస్తానన్న భయంతో మీరు పేరంటాలకు వెళ్లలేదు. వెళ్లకపోయేసరికి ‘ఆవిడకే తెలుసు కాబోలు’ అని బంధువులు అనుకుని ఉండవచ్చు. ఉద్యోగం వదులుకోవడంతో ఇంటికి వచ్చే ఒక ఆదాయం పోయింది, మీ సమర్థతను రోజూ మీ కళ్లకు చూపించే చోటు కూడా పోయింది. ఇక లెక్క సంగతి చూడండి. మామగారి మరణం, దుకాణం మూతపడడం మీ ఖాతాలో పడ్డాయి. మీరు దగ్గరుండి చేయించిన మోకాలి ఆపరేషన్ తరువాత మీ అత్తగారు లేచి నడుస్తూ ఉంటే, అది మాత్రం డాక్టరు చలవ అయి ఉంటుంది!

ఇటువంటి నమ్మకాన్ని ఎదురువాదనతో పోగొట్టడం కష్టం. 1960లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు రూపొందించిన చికిత్సా విధానంలో, రోగి తన ఆలోచనను అప్పటికప్పుడు నిజమని ఒప్పుకోకుండా, అబద్ధమని తోసేయకుండా, పరీక్షించి చూడడం నేర్చుకుంటాడు. మీకు గృహప్రవేశమే ఆ పరీక్ష. వెళ్లే ముందు ఒక నోటుపుస్తకంలో మీరు భయపడుతున్నది ఏమిటో, అది ఎవరికి, ఎన్ని రోజుల లోపల జరుగుతుందనుకుంటున్నారో, ఆ భయాన్ని నూటికి ఎంత నమ్ముతున్నారో రాయండి. ‘ఏదో ఒకటి జరుగుతుంది’ అని మాత్రం రాయకండి, ఎందుకంటే ఏ ఇంట్లోనైనా నెల తిరిగేలోగా ఎవరికో జలుబో జ్వరమో రాకుండా ఉండదు. వెళ్లి పాలు పొంగించే దగ్గర అందరితో పాటు నిలబడండి, భోజనాల దగ్గర ఒక పని అందుకోండి. గడువు దాటాక పుస్తకం తెరిచి, జరిగినది రాసి, నూటికి ఎంత అన్నది మళ్లీ వేసుకోండి. మొదటిసారికే అంకె బాగా తగ్గకపోవచ్చు; తరువాత వచ్చే శుభకార్యానికీ ఇదే పద్ధతి పాటించండి.

మీ ఆలోచన మారితే చాలని చెప్పి ఇంట్లోవారిని వదిలిపెట్టడం న్యాయం కాదు. మీ భర్త ఇన్నేళ్లు ఏమన్నారో మీరు రాయలేదు. ‘నాన్నగారికి ముందునుంచే గుండెజబ్బు ఉంది, ఆ మాట ఇక అనవద్దమ్మా’ అని తల్లికి చెప్పవలసినది ఆయనే, అదీ మీ అమ్మాయి వినేలా చెప్పాలి. ఆ పిల్ల అదృష్టం మాట ఎత్తినప్పుడు మీరు ఓదార్చి ఊరుకోకుండా, ఏ సబ్జెక్టులో ఏ పాఠం అర్థం కాలేదో అడగండి. సమస్య జాతకం నుంచి లెక్కల పుస్తకంలోకి వస్తే దానికి పరిష్కారం దొరుకుతుంది.

నిద్రలేమి, దిగులు రెండు వారాలకు మించి ఉంటే మానసిక వైద్యులను కలవడం అవసరం. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో ఓపీ ఉంది. బయటికి వెళ్లడానికి ఇప్పుడే మనసొప్పకపోతే, 2022లో ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.