పల్లాడియం అదే, కార్బన్ వేరు

"లోహం అదే కదా, లిగాండ్ మారినా సపోర్ట్ మారినా క్యాటలిస్ట్ పనితీరు ఎందుకు మారుతుంది?" అని అడిగారు. లిగాండ్ అంటే లోహానికి అతుక్కుని దాని తీరు మార్చే మాలిక్యూల్. సపోర్ట్ అంటే లోహాన్ని పట్టి ఉంచే పొడి. చౌటుప్పల్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో హైడ్రోజనేషన్ (మాలిక్యూల్‌కి హైడ్రోజన్ కలిపే) బ్లాక్ చూసినవాణ్ని కాబట్టి చెప్తున్నా. లిగాండ్‌కి దక్కే గౌరవంలో పావు వంతు కూడా సపోర్ట్‌కి దక్కదు. ప్లాంట్లో తలనొప్పులు మాత్రం ఎక్కువగా సపోర్ట్ వల్లే వస్తాయి.

ఒకసారి పర్చేజ్ వాళ్లు రేటు తక్కువని కొత్త సప్లయర్ దగ్గర 5 శాతం పల్లాడియం కార్బన్ (కార్బన్ పొడి మీద పల్లాడియం వేసిన క్యాటలిస్ట్) తెచ్చారు. సర్టిఫికెట్‌లో పాతదానికీ దీనికీ తేడా లేదు. నైట్రో గ్రూపుని హైడ్రోజన్‌తో ఎమీన్ గ్రూపుగా మార్చే బ్యాచ్. హైడ్రోజన్ బాగానే లాగింది. గొడవంతా ఫిల్టర్ దగ్గర మొదలైంది. హైఫ్లో బెడ్ (వడపోతకు పరిచే పొడి పొర) దాటి తేటగా రావాల్సిన ఫిల్ట్రేట్, పైపు లోపల చూసే సైట్ గ్లాస్‌లో మసినీళ్లలా కనిపించింది. "సార్, మళ్ల నల్లగనే వస్తుంది" అని ఆపరేటర్ టార్చ్ వేసి చూపించాడు. తిరిగి పంపితే బెడ్ మూసుకుపోయి చుక్క చుక్క పడటం మొదలైంది. పైగా ఇంకో టెన్షన్: హైడ్రోజన్ పట్టిన క్యాటలిస్ట్ ఆరి గాలి తగిలితే అంటుకుంటుంది. తెల్లారేదాకా నైట్రోజన్ కింద తడి ఆరకుండా కాపలా కాశాం. నోటి ద్వారా వేసుకునే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు కాబట్టి నల్లటి ఫిల్ట్రేట్‌ని ముందుకు పంపే మాటే లేదు.

లోహం శాతం సరిగ్గానే ఉంది. కార్బన్ పొడే మరీ సన్నం. సన్నదనం ఒక్కటే కాదు, పల్లాడియం గింజ పైపొరలో ఉందా, రంధ్రాల లోతుల్లో ఉందా అన్నదీ చూడాలి. మందుల మాలిక్యూల్స్ పెద్దవి, సన్న రంధ్రాల్లోకి దూరలేవు. లోపలి ఖరీదైన లోహం ఊరికే పడి ఉంటుంది. అదే పల్లాడియాన్ని కాల్షియం కార్బొనేట్ మీద వేసి, సీసంతో జోరు తగ్గిస్తే లిండ్లార్ క్యాటలిస్ట్ అవుతుంది. అది ఆల్కైన్‌ని (కార్బన్ల మధ్య మూడు బంధాలు) ఆల్కీన్ (రెండు బంధాలు) దగ్గరే ఆపుతుంది. కార్బన్ మీదున్నదైతే ఆల్కేన్ (ఒకే బంధం) దాకా లాక్కెళ్తుంది.

లిగాండ్‌ది ఇంకో దారి. పల్లాడియంతో రెండు కార్బన్ ముక్కలను అతికించే సుజుకి కప్లింగ్‌లో ట్రైఫినైల్ ఫాస్ఫీన్ అనే మామూలు లిగాండ్‌తో బ్రోమిన్ ఉన్న ముడిసరుకు చక్కగా నడుస్తుంది, చవకైన క్లోరిన్‌ది మొండికేస్తుంది. ఎక్స్‌ఫాస్ లాంటి లిగాండ్ పెడితే పల్లాడియానికి ఎలక్ట్రాన్లు ఎక్కువ అంది కార్బన్-క్లోరిన్ బంధం తెగుతుంది. దాని భారీ ఆకారం ప్రోడక్ట్‌ని త్వరగా బయటికి నెడుతుంది. బైనాప్ అనే లిగాండ్‌తో, అద్దంలో ప్రతిబింబాల్లాంటి జంటలో ఎడమచేతి మాలిక్యూల్ కావాలా, కుడిచేతిదా అన్నది కూడా తేల్చుకోవచ్చు. జపాన్ కెమిస్ట్ నొయోరికి 2001లో నోబెల్ వచ్చింది ఈ కోవ పనికే.

మా దగ్గర చేరే ఎమ్మెస్సీ పిల్లలకు లోహ సమ్మేళనాల పాఠంలోని 18 ఎలక్ట్రాన్ల రూల్ నోటికొస్తుంది, క్యాటలిస్ట్ డ్రమ్ మూత తీసి చూసినవాళ్లుండరు. తప్పు వాళ్లది కాదు, సిలబస్‌ది.

మీరు ప్లాంట్లో ఉంటే కొత్త లాట్ రాగానే పార్టికల్ సైజు, తేమ శాతం అడగండి. సర్టిఫికెట్ నమ్మి నేరుగా ఆటోక్లేవ్‌లో (ప్రెజర్ రియాక్టర్‌లో) వేయకుండా, ల్యాబ్‌లో మీ సాల్వెంట్‌తోనే ఫిల్టర్ చేసి ఎంతసేపు పడుతుందో, తేటగా దిగుతుందో లేదో చూడండి.